తొమ్మిదో పేజీకి కుట్టు

ఇప్పుడైతే ఎవరికి ఏం తోచినా కూసున్న కాడనే ఫోన్ల నాలుగు అక్షరాలు కొట్టి లోకం మీదికి ఇడుస్తున్నరు. నచ్చకపోతే మళ్ల తీసేస్తున్నరు కూడ. ఈ తీసేసే సంగతి చూస్తేనే నాకు కడుపుల కాలుతది. మేం రాసిన రోజులల్ల రాసింది లోకం మీదికి పోవుడు ఒక కష్టం, పోయినదాన్ని వాపసు తెచ్చుకునుడు దానికి పది రెట్ల కష్టం. లోకమంటే ఎంతనో అనుకునేరు. హన్మకొండల మా గల్లీ, అందుల పదకొండు ఇండ్లు, గంతే. ఆ పదకొండు ఇండ్లకు నేనొక చేతిరాత పత్రిక నడిపేటోణ్ని. పేరు 'పేలాలు'. ఎడిటర్ను నేనే, కథలు నేనే, కవితలు నేనే, బొమ్మలు నేనే, ఆఖరుకు 'ఎడిటర్ గారికి లేఖలు' కూడ నేనే రాసుకునేటోణ్ని. ఒక్కటే కాపీ. అది ఇంటికి రెండు దినాల లెక్కన ఒక ఇంట్ల నుంచి ఇంకో ఇంట్లకు నడుచుకుంట పోయి, పదకొండిండ్లు తిరిగి మళ్ల నా చేతికి వచ్చేది. ఆఖర్న రెండు ఖాళీ పేజీలు ఇడిచి పైన 'మీ అభిప్రాయం' అని రాసేటోణ్ని. అందుల ఎవరన్న 'బాగున్నది' అని ఒక్క ముక్క రాస్తే ఆ వారమంత నా కాళ్లు నేల మీద నిలువకపోయేటివి.

పదో తరగతిల మొదలుపెట్టి ఇంటర్ దాక నడిపిన. డిగ్రీకి హాస్టల్ల పడ్డంక పత్రిక బందయింది. ఆ తర్వాత యూనివర్సిటీల బాటనీ ఎమ్మెస్సీ. అది కూడ అయిపోయి, పెట్టె నెత్తిన పెట్టుకొని ఇంటికొచ్చినంక ఒకనాడు అటుక మీది సందూక తెరిస్తే అడుగున పాత 'పేలాలు' అట్ట కనబడ్డది. మస్తు గట్టి అట్ట, పైన నా చేతులతోని గీసిన మొక్కజొన్న కంకి. దాన్ని చూడంగనే చదివిన చదువంత పోయి నాకు మళ్ల పదహారేండ్లు వచ్చినట్టయింది. ఆ అట్టకే కొత్త కాగితాలు కుట్టి మొదటి సంచిక మొదలుపెట్టిన. కాగితం పల్చటిది, ఇంకు అవతలికి దిగుతదని పేజీకి ఒక్క దిక్కే రాసేటోణ్ని. (ఈ సంగతి యాదిల పెట్టుకోండ్రి, ముందు పనిపడ్తది.)

అట్ట లోపటి దిక్కు ఎన్కట అంటించిన కాగితం అట్లనే ఉండె. అందుల మూడు రూల్స్. ఒకటి, తిన్న చేతులతో ముట్టరాదు. రెండు, పేజీలు చింపరాదు. మూడు, వరుస తప్పి ఎవరికీ ఇవ్వరాదు, ఎడిటర్ వచ్చి కాళ్లు మొక్కినా ఇవ్వరాదు. ఈ మూడోది ఎందుకు వచ్చిందంటే, చిన్నప్పుడు నాకొక రోగం ఉండె. పత్రిక నాలుగిండ్లు తిరగంగనే ఏదో తప్పు యాదికొచ్చి, ఉరికిపోయి వాపసు గుంజుకొచ్చేటోణ్ని, దిద్దుకుంట వారం కూసునేటోణ్ని. కింది ఇండ్లోళ్లు లొల్లి పెట్టిన్రు. అప్పుడు నాలుగో ఇంటి తాసిల్దారు తాత (రిటైరై ఇరవై ఏండ్లయినా గల్లీని తాలూకా లెక్కనే చూసేటోడు) నన్ను పిలిచి, తన ముందట కూసోబెట్టి నాతోనే ఆ రూలు రాయించిండు. రూల్స్ కింద ఇండ్ల వరుస. కిరాయిదార్లు మారుతుంటరని తెలివికి పోయి పేర్లు రాయకుండ ఇండ్ల గుర్తులు రాసిన. నాలుగు, తాసిల్దారు తాత ఇల్లు. ఏడు, కుట్టుమిషిని అత్త ఇల్లు. ఎనిమిది, నీలి తలుపుల ఇల్లు, మేడ మీది అర్ర. అయిదేండ్ల కింది లిస్టును ఒక్క అక్షరం మార్చకుండ అట్లనే ఉంచిన. ఆ ఇంట్ల ఎవరుంటే వాళ్లు చదువుతరు, గదే మా గల్లీ రివాజు.

ఇదంత ఒక దిక్కుంటే ఇంకో దిక్కు బాపు. ఎనుమాముల మార్కెట్ల మాకు మిర్చి అడ్తి, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం, ఉండె. బాపు ఒకటే మాట అన్నడు, "చదువు అయిపాయె. ఈ నెల నౌకరి దొరికితే సంతోషం, దొరకకపోతే వచ్చే నెల నుంచి అడ్తి కాడికి రా." నాకది జైలు శిక్షే. ఎందుకంటారా, మిర్చి బస్తా నాలుగు గజాల అవతల ఉన్నా నాకు తుమ్ములే తుమ్ములు. తుమ్మితే తుమ్మిన గని, ఒకసారి బేరం కుదిరి రైతు, ఖరీదుదారు చెయ్యి కలిపే టైముకు నేను తుమ్మిన. ఇద్దరు చేతులు ఎనుకకు తీసుకున్నరు. తుమ్మినంక బేరం ఎవరు చేస్తరు? జరసేపు ఆగి మళ్ల మొదలుపెట్టిన్రు, మళ్ల తుమ్మిన. ఆ పూట బాపు ఒక్క బస్తా అమ్మలేకపోయిండు. "వీనితోని నా అడ్తి మునుగుతది" అని ఆయనకు భయం, ఆ ఘాటుల బతుకంత ఎట్ల ఎళ్లదీయాలె అని నాకు భయం. అయినా మాట మాటనే, వేరే కొడుకు లేడు మరి.

అందుకని హసన్‌పర్తి దిక్కు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల లెక్చరర్ నౌకరి ఉన్నదంటే (పేరెందుకు లెండి) ఇస్త్రీ బట్టలేసుకొని ఇంటర్వ్యూకు పోయిన. ప్రిన్సిపాల్ సారు బక్క మనిషి. ఆ బక్క మొఖానికి ముక్కొక్కటి నిండుగ ఉన్నది. కుర్చీకి గొడుగు తగిలించి ఉన్నది. నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు. జేబుల నుంచి అగ్గిపెట్టె తీసిండు. బీడీ ముట్టిస్తడేమో అనుకున్న. అందుల నుంచి సుద్దముక్క తీసిండు, ముక్కంటే ముక్క కాదు, ముక్కల పావు ముక్క. "దీనితోని కిరణజన్య సంయోగక్రియ చెప్పు. చెప్పినంక మిగిలింది నాకు వాపసియ్యి" అన్నడు. ఇగ చూడండ్రి నా తిప్పలు. సుద్ద అరుగుతదన్న భయానికి సూర్యుణ్ని శనగగింజంత గీసిన, ఆకును చింతాకంత గీసిన. పాఠం అయినంక మిగిలిన గోరంత ముక్కను ఆయన అరచేతిల పెట్టిన. స్కేలు పెట్టి కొలిచిండు! "ఊఁ" అని మళ్ల అగ్గిపెట్టెల వేసుకొని, "కబురు చేస్తంలే, పో" అన్నడు.

ఈ నౌకరి రాదని నాకు రూఢి అయిపోయింది. బస్సుల వస్తాంటె కోపం, ఇంటికొచ్చినంక ఇంకింత కోపం. ఆ కోపమంత తీసుకపోయి 'పేలాలు' తొమ్మిదో పేజీల పోసిన. 'పావుసుద్ద పురాణం' అని పేరు పెట్టిన. ఆ కాలేజీల సూర్యుడు శనగగింజంతనే ఉంటడు, అంతకంటె పెద్ద సూర్యునికి బడ్జెట్ లేదు అని రాసిన. కింద బొమ్మ కూడ గీసిన, బారెడు ముక్కు, ముక్కు కొసకు వేలాడే అగ్గిపెట్టె. మనిషి పేరు రాయలేదు గని ముక్కు అట్ల గీసినంక పేరెందుకు? నా బతుకుల నేను రాసినవాటిల అంతకంటె మంచిది ఇంకోటి లేదని ఇప్పటికీ నా నమ్మకం. పొద్దున్నే పోయి మొదటింట్ల పత్రిక ఇచ్చి, విజిల్ వేసుకుంట వాపసొచ్చిన.

వారం తిరిగింది. పోస్టుకార్డు వచ్చింది. 'మీరు ఎంపికైనారు. వచ్చే సోమవారం కాక పై సోమవారం పది గంటలకు వచ్చి ఆర్డరు తీసుకొనగలరు' అని. అమ్మ సేమియా పాయసం చేసింది. బాపు కార్డును రెండుసార్లు చదివి, "ఇగ నా బేరాలు బతికినయ్" అన్నడు. నేను ఆ సంతోషంల గల్లీలకు వచ్చిన. వచ్చేసరికి నీలి తలుపుల ఇంటి ముందట రెండు రిక్షాలు. ఒకదాంట్ల పరుపు చుట్ట, బిందెలు, ఒక కుర్చీ. ఇంకోదాంట్ల నుంచి మొదలు గొడుగు దిగింది, దాని ఎనుక ముక్కు దిగింది, దాని ఎనుక సారు దిగిండు.

"సార్... మీరు ఇక్కడ?" అన్న.

"హసన్‌పర్తిల ఇల్లు కురుస్తాందోయ్. ఈ మీది అర్ర కిరాయికి తీసుకున్న. ఇంతకు ముందున్న పోస్టాఫీసాయనకు బదిలీ అయిందట గద. నువ్వీ గల్లీనేనా? మంచిదాయె!" అని భుజం తట్టిండు.

మంచిదాయె అన్న మాట చెవులల్ల గింగుర్లు తిరుగుతాంటె అక్కడనే నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టిన. పత్రిక ఆనాడు నాలుగో ఇంట్ల ఉన్నది. ఇంటికి రెండు దినాలు. ఎనిమిదో ఇంటికి వచ్చే శనివారం సాయంత్రం చేరుతది. ఆర్డరు నా చేతికి సోమవారం రావాలె. అంటే నౌకరికంటె ముందు పురాణమే సారు చేతికి పోతది.

ఒక్క ఉరుకు తాసిల్దారు తాత ఇంటికి ఉరికిన. తాత వాలుకుర్చీల కూసొని పత్రికనే చదువుతాండు. "తాతా, చిన్న తప్పు పడ్డది, జర ఇటియ్యి, దిద్ది ఇప్పుడే తెస్త" అన్న. తాత తొందరపడలేదు. అద్దాలు తుడుచుకున్నడు, అట్ట తెరిచిండు, మూడో రూలు పైకి చదివిండు. ఇగ సిగ్గిడిచి దబ్బున కాళ్ల మీద పడ్డ. "నూరేండ్లు బతుకు మనుమడా" అని నెత్తి మీద చెయ్యి పెట్టి, "గిది కూడ రాసే ఉన్నది చూడు" అని ఆ లైను కింద వేలు పెట్టి చూపెట్టిండు. లేచి పోతాంటె ఎనుక నుంచి పిలిచి, "అరే, తొమ్మిదో పేజీ కడుపుబ్బ నవ్వించినవ్. గా ముక్కు ఎవనిది?" అని అడిగిండు. చెప్పితే సాయంత్రానికి గల్లీకంత తెలుస్తది. "ఊకెనే, ఊహించి గీసిన" అని బయటపడ్డ.

అయిదో ఇంట్ల 'పత్రిక తడిసిందట గద, ఎండబెడ్త' అని అబద్ధమాడిన, నమ్మలేదు. ఆరో ఇంట్ల 'అట్ట ఊడిందట, అంటిస్త' అన్న, అట్ట గట్టిగనే ఉన్నదని గుంజి చూపెట్టిన్రు. పైగా ఎవరు కనబడ్డా తొమ్మిదో పేజీ మాటే. నల్లా కాడ అదే, కిరాణం దుకాణం కాడ అదే. పుట్టి బుద్ధెరిగినంక నా రాతను అందరు మెచ్చుకున్నది అదే మొదటిసారి, ఆ మెప్పు వినంగ వినంగ నాకు జ్వరమొచ్చింది. అమ్మ దవాఖానకు తీసుకపోయింది. డాక్టరు నాలుక చూసి, కండ్లు చూసి, "ఏం లేదమ్మా, దేనికో భయపడ్డట్టున్నడు" అన్నడు. "నౌకరి వచ్చినోనికి భయమేంది సారూ" అని అమ్మ ఆయనను కోపం చేసింది. బాపు మాత్రం నా మొఖం చూసి ఏం సమజ్ చేసుకున్నడో ఏమో, అడ్తిల నాకు వేసేటందుకని ఒక చిన్న స్టూలు తెప్పించి పెట్టిండు. దాన్ని చూసినంక రెండు పూటలు అన్నం పోలేదు.

శుక్రవారం మాపటికి ఏడో ఇంటికి పోయిన. కుట్టుమిషిని అత్త మా అమ్మకు వరుసకు వదిన, గల్లీల ఆడోళ్ల జాకెట్లన్ని ఆమెనే కుడుతది. "అత్తా, నా బతుకు నీ చేతుల ఉన్నదే" అని మొత్తం చెప్పుకున్న. సుద్దముక్క, కోపం, ముక్కు, రిక్షా, అన్ని. మొదలు పడిపడి నవ్వింది. నా మొఖం చూసినంక నవ్వు ఆపి మిషిని మీద నుంచి కాళ్లు తీసింది.

"ఇయ్యరాదురా అల్లుడా. పొద్దున్నే తాసిల్దారు మామ వచ్చి పత్రిక ఉన్నదా లేదా అని చూసి మరీ పోయిండు. నువ్వు వస్తవని కూడ చెప్పిండు."

"అయితే ఆ పేజీ చింపెయ్యవే."

"చింపరాదని నువ్వే రాస్తివి గదరా. రేపు నన్ను గల్లీల దొంగ అంటరు." జరసేపు సూది దిక్కు చూసుకుంట కూసున్నది. "పో, ఫికర్ చెయ్యకు. ఏదో ఒకటి నేను చూస్త."

మర్నాడు పొద్దుగూకినంక ఆమెనే మా ఇంటి ముందట నిలబడి నన్ను సైగ చేసి పిలిచింది. "ఇచ్చి వచ్చిన. నువ్వు బేఫికర్‌గ పండు. తొమ్మిదో పేజీని ఎనిమిదో పేజీకి కుట్టేసిన. మూడు దిక్కుల డబుల్ కుట్టు, జాకెట్ సంక కాడ వేసేది, ఈ జన్మల ఊడది. నీ రాత లోపటికి పోయింది, బయటికి ఉత్త ఖాళీ వెనుకదిక్కే. చింపరాదన్నవ్ గని కుట్టరాదని రాయలే గద!"

"అత్తా! పేజీ కుట్టి ఉన్నదంటే అందుల ఏదో ఉన్నదని డప్పు కొట్టి చెప్పినట్టు కాదానే?"

అత్త నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. "ఓరి దేవుడో, గది నాకు తోచనే లేదురా" అన్నది.

ఐతారం ఎట్ల గడిచిందో ఆ పైవానికే ఎరుక. నీలి తలుపుల ఇంటి ముందట నుంచి పోయిందే పోయిన, వచ్చిందే వచ్చిన. మీది అర్ర ముందట వసార, ఆ గోడకు సారు గడ్డం గీసుకునే అద్దం. ఎండ దిక్కు వీపు పెట్టి, అద్దం దిక్కు మొఖం పెట్టి సారు మస్తుసేపు నిలబడి ఉన్నడు. గడ్డం గీసుకునే మనిషి పత్రిక చదవడు గద. 'చదువకుండనే పక్కన పడేసినట్టున్నడు' అనుకున్న. అప్పటికి తొమ్మిది దినాలయింది నేను సక్కగ ఊపిరి పీల్చక, ఆనాడు పీల్చిన.

సోమవారం పొద్దున్నే తయారైతాంటె అంగి గుండీలు ఒకదాంట్ల పెట్టేది ఇంకోదాంట్ల పెట్టిన. "నౌకరికి పోతాన్నవా, ఫాంసికి పోతాన్నవారా?" అన్నడు బాపు. హసన్‌పర్తి చెరువు ఎప్పుడు దాటిందో, బస్సు ఎప్పుడు దిగిన్నో యాదికి లేదు. సారు గదిల కాలు పెట్టంగనే టేబుల్ మీద నాలుగు వస్తువులు కనబడ్డయి. అగ్గిపెట్టె, స్కేలు, కవరు, 'పేలాలు'.

"కూసో. ఇది నీదే గద?"

"అవును సార్."

"రూలు ప్రకారం ఇయ్యాల కూడ నా దినమే. అందుకే ఎంట తెచ్చుకున్న. సాయంత్రం తొమ్మిదో ఇంటోళ్లకు నేనే ఇస్త." పత్రిక నా దిక్కు జరిపిండు. అత్త వేసిన కుట్టు, ఎర్రదారం, ఒక్క పోగు తెగలేదు. బతికిన అనుకున్న. "నా అభిప్రాయం రాసిన. చదువు. పైకి చదువు" అన్నడు.

చదివిన. నలభై ఏండ్లయినా అక్షరం మర్చిపోలేదు. 'పత్రిక ముచ్చటగా ఉన్నది. ఎనిమిది, తొమ్మిది పేజీలు కలిపి కుట్టబడినవి. చింపరాదని రూలు ఉన్నందున చింపలేదు. ఎండకు పట్టగా వెనుక దిక్కు అక్షరాలు తిరగబడి కనబడినవి. కావున గడ్డం గీసుకునే అద్దంలో చూసి చదివితిని. రెండు గంటలు పట్టినది. ఎనిమిదో పేజీలోని కవిత నడుమ నడుమ అడ్డం వచ్చినది. కవిత బాగుండలేదు. పురాణంలో సుద్ద సంగతి వాస్తవమే. ముక్కు సంగతి ఒప్పుకోను.'

ఆ ఆఖరు మాటలు నా నోట్ల నుంచి వచ్చినయో, ఎక్కన్నో బాయిల నుంచి వచ్చినయో చెప్పలేను. కండ్ల ముందట బాపు తెచ్చిన స్టూలు కనబడ్డది. దాని చుట్టు మిర్చి బస్తాలు కనబడ్డయి, నిజంగనే ఘాటు వచ్చినట్టయింది. అదే టైముకు సారు కవరు మీదికి చెయ్యి చాపిండు. నేను గట్టిగ తుమ్మిన. గది దద్దరిల్లింది. సారు చెయ్యి అక్కడనే ఆగింది.

"కూసో," అన్నడు చెయ్యి ఎనుకకు తీసుకొని. "తుమ్మినంక జరసేపు ఆగాలె."

ఇద్దరం ఆగినం. ఆయన నన్నే చూస్తాండు. ఎట్లనో, "తప్పయింది సార్, కోపంల రాసిన" అన్న.

"తప్పు కాదు. సగమే రాసినవ్," అన్నడు. "మేనేజ్‌మెంటోళ్లు నెలకు ఒక్క డబ్బ సుద్ద ఇస్తరు. నాలుగు ముక్కలు చేయకపోతే నెల నడుమల్నే అయిపోతది. పోయినేడు ఒకసారి అయిపోతే, నేను లెక్కలు గాలిల వేలుతోని రాసి చెప్పిన. పిల్లలు గాలి దిక్కే చూసుకుంట రాసుకున్నరు. గది కూడ రాయి, వచ్చే నెల పత్రికల." ఆ దినాన నాకు భయం పోయి ఆ జాగల సిగ్గు వచ్చి కూసున్నది. సారు సొరుగు తీసిండు. నిండు సుద్దముక్క, ఇరగనిది, తీసి కవరు మీద పెట్టి రెండు కలిపి నా చేతికిచ్చిండు. "రాసేటోనికి పావు ముక్క సరిపోదు. పో, ఫస్టియర్ పిల్లలు ఎదురు చూస్తాన్రు." తలుపు దాక పోయిన. "ఇగో," అని పిలిచిండు. "సాయంత్రం మిగిలింది తెచ్చియ్యి."

మరుసటి నెల పత్రికల మిగిలిన సగం రాసిన, బొమ్మ లేకుండ. సారు గల్లీల ఉన్నన్ని ఏండ్లు ఎనిమిదో ఇంటి దినాలు ఒక్కటి తప్పలేదు, నా కవితలు బాగుండలేదని రాయుడు కూడ తప్పలేదు. "కుట్టు ఇప్పాల్నారా అల్లుడా?" అని అత్త మస్తుసార్లు అడిగింది, నేనే వద్దన్న. నేను కూడ ఆ కాలేజీలనే సుద్ద అరగదీసి రిటైరైన. నా జేబుల కూడ ఒక అగ్గిపెట్టె ఉంటుండె, దాన్ని చూసి పిల్లలు ఏమనుకున్నరో నాకు తెల్వది. ఎవరన్న రాసి ఉంటే బాగుండు.

మొన్న సందూక సదురుతాంటె ఆ సంచిక దొరికింది. పురాణంల నాలుగు మాటలు తప్ప మిగిలినయి యాదికి లేవు, ఒకసారి చదువుకుందామనిపించింది. ఎర్రదారం వెలిసిపోయింది గని ఊడలేదు, ఇప్ప బుద్ధి కాలేదు. వసారలకు పోయి, ఎండ దిక్కు వీపు పెట్టి, గడ్డం గీసుకునే అద్దం ముందట ఆ పేజీ పట్టిన. ఇంకు పోయింది, ఒక్క అక్షరం నా కండ్లకు ఆనలేదు. బొమ్మల ముక్కు ఒక్కటి లీలగ కనబడ్డది. దాని పక్కపొంటి అద్దంల నా మొఖం, నోరు తెరుచుకొని, కండ్లు చికిలించి. రెండింటిని జరసేపు చూసిన. సారు ఒప్పుకోనన్నది నిజమే, గా ముక్కు నేను కొంచెం ఎక్కువనే గీసిన. నవ్వొచ్చింది. నవ్వుకుంటనే ఒకసారి ఎనుకకు మర్లి చూసిన, వాకిట్ల ఎవరన్న గొడుగు పట్టుకొని నిలబడ్డరేమో అని.